పిట్టలేం తిన్నాయో రాశావు

ఫిబ్రవరి 9

ఉడతపిల్లా,

ఈ ఉత్తరంతో పాటు ఒక మూట వస్తుంది. జీపు తాత దాన్ని సీటు కిందకి తోసేసి మర్చిపోయే మనిషి. ఇక్కడిదాకా చదివావు కదా, లేచి వెళ్ళి ముందు మూట అడుగు. తర్వాత వచ్చి మిగతాది చదువుకో.

వచ్చావా? అందులో ఉన్నది నువ్వడిగిన ఖాకీ చొక్కా. ఆ రోజు ఎండ మరీ ఎక్కువగా ఉందని నా కొడుకు కొయ్యకే వదిలేసి వెళ్ళిన చొక్కా. మోచేతుల దగ్గర మాసికలు వేశాను. ముళ్ళు దిగకుండా వీపుకీ చేతులకీ లోపల ఇంకో బట్ట వేసి కుట్టాను. మా గదిలో వెలుతురు చాలదు, అందుకని మిల్లులోనే, అన్నాల వేళ, నువ్వుల రాశి మీద పరుచుకుని కుట్టాను. ఉతకలేదు. ఎందుకు ఉతకలేదో నీకు చెప్పక్కర్లేదు. నువ్వూ ఉతక్కు.

నేను చొక్కా కుడుతుంటే మిషనక్క వచ్చి కూర్చుంది. మా నూనె మిల్లులో పెద్ద మిషను నడిపేది తనే, నీకు గుర్తుండే ఉంటుంది, పెళ్ళికి వచ్చి అందరికంటే గట్టిగా నవ్వింది. "కొడుకు పోయాక కోడలికి ఆ ముళ్ళకంపల్లో ఏం పనే?" అంది. వాడు మొదలుపెట్టిన పని పూర్తి చేస్తోంది అన్నాను. "ఏం పని?" అంది. ఏ కాలంలో చిన్న పిట్టలు ఏం తింటాయో చూసి రాస్తారు అన్నాను. "ఓస్, దానికి చదువెందుకు? మా కోడి ఏం తింటుందో నేను చెప్తా, రాసుకోమను. నా చెప్పు తప్ప అన్నీ తింటుంది" అంది. నవ్వాను. వాడు పోయిన వేసవి తర్వాత నేను నవ్వడం అదే మొదలు. నవ్వాక భయమేసింది, ఎవరైనా చూశారేమోనని.

ఫోను చేస్తే నువ్వు "బాగున్నాను అత్తయ్యా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తావు. అదీ జీపు బజారుకొచ్చిన రోజునే. అందుకే నాకు ఉత్తరమే ఇష్టం. నీ పోయిన ఉత్తరం కాగితానికి రెండు వైపులా ఉంది. నీ చీమతల అక్షరాలు నా కళ్ళకు ఆనవు కదా, మూడుసార్లు చదివించుకున్నాను, ఒకసారి నేనే కూడబలుక్కుని చదివాను. చీమల గురించి ఉంది. గడ్డిగింజల గురించి ఉంది. పిట్టలేం తిన్నాయో అంతా రాశావు. నువ్వేం తిన్నావో ఒక్క ముక్క లేదు.

ఆ ముక్క రాయి.

నీ అత్త


ఫిబ్రవరి 22

అత్తయ్యా,

నేను అడగకముందే తాత మూట తెచ్చి ఇచ్చాడు. మీరు రాసింది చదివి వినిపిస్తే, "నాకంత మతిమరుపా? ఆవిడనే వచ్చి నాలుగు రోజులు ఈ జీపు తోలమను" అన్నాడు.

చొక్కా వేసుకున్నాను. చేతులు పొడవు, మడిచాను. ఉతకను.

ఇక్కడ గడ్డి ఎండిపోయింది. గింజలు తినే పిట్టలు గుంపులుగా నేల మీద దిగి, రాలిన గింజలు ఏరుకుంటున్నాయి. పురుగులు తినే పిట్టలకు ఇది గడ్డుకాలం మొదలు. ఆకుల మీద ఏమీ దొరక్క బెరడు సందుల్లో చీమల్నీ సాలీళ్ళనీ వెతుక్కుంటున్నాయి. నేను పొదల కింద తెల్లబట్ట పరిచి, పడిన రెట్టలు ఏరి, గదిలో భూతద్దం కింద పెట్టి చూస్తాను. చీమ తల, పేడపురుగు రెక్కముక్క, గింజ పొట్టు. ఏది తిన్నదీ అందులో తెలిసిపోతుంది. పిట్ట అబద్ధం చెప్పదు అనేవారు ఆయన.

పిట్టల్ని చూసే ఈ ముళ్ళకంపల చుట్టూ ఉన్న కంచె దగ్గర ఆయన పెట్టిన నియమం ఇప్పటికీ పాటిస్తున్నాను. లోపలికి తినే వస్తువేదీ తీసుకెళ్ళకూడదు. మీరిచ్చే నువ్వులు ఆయన జేబులో ఎప్పుడూ ఉండేవి కదా, కంచె బయటే అన్నీ నోట్లో పోసుకుని, జేబులు బయటికి తీసి దులిపి, అప్పుడే లోపలికొచ్చేవారు. మన దగ్గర్నుంచి ఒక్క గింజ పడినా అది పిట్ట కడుపులోకి పోతుంది, ఇక ఆ లెక్క పిట్టది కాదు, మనది అనేవారు.

మధ్యాహ్నాలు మేమిద్దరం పెద్ద ముళ్ళపొద నీడలోనే ఉంటాం. ఎండ ముదిరితే మాటలు కూడా ఆపేస్తాం.

నేను బాగానే తింటున్నాను.

మీ ఉడత


మార్చి 7

ఉడతపిల్లా,

"బాగానే తింటున్నాను" అనేది జవాబు కాదు. మా మేస్త్రీ కూడా "పని బాగానే జరుగుతోంది" అంటాడు, వెనక చూస్తే బస్తాలన్నీ చిల్లులే.

పొద్దున్నే లోపలికి పోతే సాయంత్రం దాకా రావు అని తాత చెప్పాడు. లోపలికి తిండి తీసుకెళ్ళకూడదని నువ్వు రాశావు. అంటే రోజంతా పస్తేనా? ఇదేం చదువమ్మా? పిట్ట తినేది చూడ్డానికి మనిషి కడుపు మాడ్చుకోవాలా? ఆ నియమం పెట్టింది నా కొడుకే అయినా సరే, నియమం తప్పు. వాడు చిన్నప్పుడు కూడా అంతే, ఆటలో పడితే ఆకలి మాట ఎత్తేవాడు కాదు. నేను వెనకాల తిరిగి జేబులో నువ్వులు పోసేదాన్ని, ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి పెడతాడు కదా అని.

ఇంకో మాట. ఇది రాయడానికి రెండు రోజులు తీసుకున్నాను. "మేమిద్దరం" అని రాశావు. రెండో మనిషి ఎవరో రాయలేదు. తాత అయితే కాదు, ఆయన కంచె లోపలికి రాడని నాకు తెలుసు.

నాకు కోపం లేదు. ఈ మాట నింపాదిగా రాస్తున్నాను, అక్షరాలు చూడు. నీకు నిండా ముప్పై లేవు. నా కొడుకు పోయాడని నువ్వు కూడా పోయినట్టు బతకాలని నేను ఏ రోజూ అనుకోలేదు. ఆ అబ్బాయి ఎవరైనా, నిన్ను నీడలో కూర్చోబెడుతున్నాడంటే మంచివాడే అయ్యుంటాడు. వాడికి వంట వచ్చా? అది ఒక్కటి కనుక్కో. మిగతావన్నీ తర్వాత నేర్పుకోవచ్చు.

మిషనక్కకు ఈ సంగతి చెప్పలేదు. దాని నోట్లో నువ్వుగింజ నానదు. నువ్వుల మిల్లులో పనిచేస్తూ అలా ఉండటం దానికే చెల్లింది.

నీ అత్త


మార్చి 25

అత్తయ్యా,

రెండో మనిషి లేరు. మేమిద్దరం అంటే నేనూ, మీ అబ్బాయీ.

అలా రాసేశానని మీ ఉత్తరం వచ్చేదాకా నాకే తెలియలేదు. పిచ్చి పట్టిందనుకోకండి. ఆయన కనిపించరు. కానీ పొద దగ్గర నేను కూర్చుంటే పక్క ఖాళీగా ఉండదు. ఇంతకంటే ఎలా చెప్పాలో తెలియదు.

ఇంకొక సంగతి ఉంది. ఎవరికీ చెప్పలేదు. పోయిన వారం పెద్ద పొద కింద ఏరిన రెట్టల్లో ఒక గింజ పొట్టు కనపడింది. అది ఇక్కడి గడ్డిది కాదు. తర్వాతి రోజు ఇంకొకటి. ఒక పికిలిపిట్ట రెట్టలో గింజకు గింజే అరగకుండా వచ్చింది. పొద్దున్నంతా దాన్ని చూస్తూ కూర్చున్నాను. నువ్వు గింజ అత్తయ్యా. ఈ చుట్టుపక్కల ఎక్కడా నువ్వు పండించరు. తాతను అడిగాను, కంచె పక్కన ఉండే గొర్రెలవాళ్ళను అడిగాను. ఎవరూ తేలేదు. మిగతా పొదల కింద ఎక్కడా దొరకడం లేదు. ఆయన పడిపోయిన ఆ పొద దగ్గరే.

నేను రోజూ జేబులు దులిపే లోపలికెళ్తున్నాను.

మీ కోడలు


ఏప్రిల్ 4

ఉడతా,

నీ ఉత్తరం మేస్త్రీ గారమ్మాయి చదివింది. మధ్యలో ఆగిపోయి నా మొహం చూసింది. తీసేసుకుని, మిగతాది గదికొచ్చి నేనే చదువుకున్నాను. నా కళ్ళకి అది పూర్తయ్యేసరికి పొద్దు గూకింది.

వాడు నీ దగ్గరికి వస్తున్నాడా?

వాడి చెప్పులు ఇంకా నా గుమ్మం దగ్గరే ఉన్నాయి. వాడు పడుకునే చాప నేను చుట్టలేదు. వాడి మీద నేనింకా నువ్వులూ నీళ్ళూ వదులుకోలేదు. గొళ్ళెం చప్పుడైన ప్రతిసారీ నా గుండె వాకిట్లోకి వెళ్ళి చూసొస్తుంది. నా దగ్గరికి ఒక్కసారి రాలేదు. కలలోకి కూడా రాలేదు. మొయ్యడం నేను మోశాను, పెంచడం నేను పెంచాను, వచ్చేది మాత్రం పెళ్ళాం దగ్గరికి. బతికున్నప్పుడూ అంతే చేశాడు వెధవ.

చూశావా, తిట్టాను. వాణ్ణి తిట్టి ఎన్నాళ్ళయిందో. నోరు తియ్యగా అయింది.

నీ మీద అసూయ పడుతున్నాను, దాచను. కానీ ఆ నువ్వులు నేనిచ్చినవే కదా. నేను పోసినవి వాడు తినకుండా పిట్టలకు పెడుతున్నాడంటే, వాడికిప్పుడు ఆకలి లేదన్నమాట. అది తలుచుకుంటే కొంచెం నిద్ర పడుతోంది.

నా కోసం వాణ్ణి ఒక్క మాట అడుగు. ఆ రోజు దాహం వేసిందా? ఎంతసేపు వేసింది? డాక్టరు "ఏమీ తెలిసుండదమ్మా" అన్నాడు. ఆయన అక్కడ లేడుగా. వాణ్ణే అడుగు.

నీ అత్త


జూన్ 3

అత్తయ్యా,

ఇన్నాళ్ళూ రాయనందుకు తిట్టండి.

మీరడగమన్నది అడగలేదు. అడగలేను. ఆయన మాట్లాడరు అత్తయ్యా, నేనే మాట్లాడతాను. ఆ రోజు ఏ పిట్ట వచ్చిందో, ఏది రాలేదో చెబుతాను. అంతే.

నువ్వు గింజలు మాత్రం దొరుకుతూనే ఉన్నాయి.

ఎండలు బాగా ముదిరాయి. ఇప్పుడు పెద్ద పొద ఒక్కటే పచ్చగా ఉంది, దాని పళ్ళు మాగాయి. చలికాలమంతా పురుగులు తిన్న పిట్టలు కూడా ఇప్పుడు ఆ పళ్ళే తింటున్నాయి. ఆకులు లేని చెట్ల పూలలో తేనె తాగుతున్నాయి. కాలాన్ని బట్టి నోరు మార్చుకుంటాయి. ఒక చిన్న గోధుమరంగు పిట్ట మాత్రం మార్చుకోదు. తోక ఎత్తుకుని తిరుగుతుంది, గుప్పిట్లో పట్టేంత ఉంటుంది. పురుగు తప్ప ముట్టదు. పక్కనే పండు వేలాడుతున్నా దాని చుట్టూ చీమ కోసం వెతుకుతుంది. కొన్ని వేరే చోటికి ఎగిరిపోతాయి. పోలేనివి పొద కింద దొరుకుతాయి. నిన్న ఒకటి దొరికింది. అరచేతిలో పెట్టుకుంటే ఏమీ పెట్టుకున్నట్టే లేదు.

దాన్ని ఆయన పక్కనే పాతాను. అంటే, ఆయన ఉండే చోట.

మీ కోడలు


జూలై 12

నా ఉడతపిల్లా,

ఇక్కడ వానలు మొదలయ్యాయి. మిల్లు పైకప్పు నాలుగు చోట్ల కారుతోంది, మేస్త్రీ ఐదో చోట నిలబడి అంతా బాగానే ఉందంటున్నాడు.

నేనొక పని చేశాను, కోప్పడకు. నువ్వుల సంగతి మిషనక్కకు చెప్పేశాను. కడుపులో దాచుకోలేకపోయాను. అది నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మిషను ఆపేసి, చెంగుతో చేతులు తుడుచుకుని, "ఎన్ని పిట్టలకు పెడుతున్నాడే?" అంది. దాని కళ్ళలో నీళ్ళు చూడటం నా జన్మలో అదే మొదలు. ఇప్పుడు మిల్లంతా తెలుసు. పొద్దున్నే వస్తూనే "మీవాడు ఇవాళ పిట్టలకు పోశాడా?" అని అడుగుతారు. పోశాడంటాను. వాడు ఉద్యోగంలో ఉన్నట్టు, నేను వాడి క్షేమం చెబుతున్నట్టు ఉంటుంది.

ఆ పండు తినని పిట్ట సంగతి నాకు నచ్చలేదు. దానికి తల్లి లేదా? ఉంటే ముక్కు తెరిచి కుక్కేది.

నీ ఉత్తరంలో ఈసారి "బాగానే తింటున్నాను" అన్న అబద్ధం కూడా లేదు. అది చూసి ఎక్కువ భయమేసింది.

నీ అత్త


ఆగస్టు 19

అత్తయ్యా,

ఈ ఉత్తరం మీకు మీరే చదువుకోండి, ఎవరికీ ఇవ్వకండి.

వానలకు ఇక్కడంతా పచ్చబడింది. పిట్టలు గూళ్ళు కట్టాయి. గింజలు తినే పిట్టలు సైతం పిల్లలకు మాత్రం మెత్తటి గొంగళిపురుగులే తెచ్చి పెడుతున్నాయి. రాయాలనుకున్నది అది కాదు.

పెద్ద పొద చుట్టూ నువ్వు మొక్కలు మొలిచాయి. నిన్న పూలు విప్పాయి. తెల్లగా, చిన్న గంటల్లా. ఒక్కో పువ్వునూ వేలితో ముట్టుకుని చూశాను. ఎక్కడెక్కడ చల్లారో ఆయనే చూపిస్తున్నారనుకున్నాను.

కళ్ళు తుడుచుకున్నాక అవి ఎక్కడెక్కడ ఉన్నాయో సరిగ్గా చూశాను. నేను కూర్చునే రాయి చుట్టూ గుబురుగా ఉన్నాయి. కంచె నుంచి పొద దాకా నేను నడిచే దారి వెంట ఒకటీ అరా ఉన్నాయి. ఈ ఏడాది కొత్తగా కట్టిన మంచె కింద ఉన్నాయి. ఆ మంచె ఆయన చూడనే లేదు.

గదికొచ్చి చొక్కా తిరగేశాను. మీరు వేసిన లోపలి బట్టకీ పై బట్టకీ మధ్య నువ్వులు. గుప్పెళ్ళు. మోచేతి మాసిక పక్కన కుట్టు వదిలి చిన్న కన్నం పడింది. మీరు రాశి మీద పరుచుకుని కుట్టినప్పుడు లోపల పడిపోయినవే. నేను చెయ్యి కదిపినప్పుడల్లా ఒకటి రాలింది.

ఆయన కాదు అత్తయ్యా. నేనే. జేబులు దులుపుకుని లోపలికెళ్ళి, వేసవంతా నేనే వాటికి పెట్టాను. ఆ వేసవి లెక్క మొత్తం కొట్టేశాను. మళ్ళీ మొదటి నుంచి చూడాలి.

మొక్కలన్నీ పీకేశాను. ఒక్కటి కూడా ఉంచలేదు. ఉంచకూడదు.

కోడలు


సెప్టెంబరు 2

అమ్మా,

పీకేశావా?

నువ్వు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "మీ కుట్టు వదులైంది, మీ వల్ల నా మొగుడి పని పాడైంది" అని రాసి ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని, ఇద్దరం తేలికయ్యేవాళ్ళం. నువ్వు పద్ధతిగా రాశావు. పద్ధతిగా రాస్తే తగిలే చోట తగులుతుంది.

నేను కుట్టిన బట్టలోంచి నేను చెరిగిన గింజ జారి, నా బిడ్డ పడిన చోట మొలిచి, పువ్వు పూసింది. నీకది తప్పు లెక్క. నాకు అదేమిటో రాయడం చేతకాదు. ఒక్క పువ్వు ఎండబెట్టి కాగితంలో పెట్టి పంపితే నీ లెక్కకు ఏం లోటొచ్చేది?

పోనీలే. నువ్వు నాకంటే ఎక్కువ పోగొట్టుకున్నావు. నా దగ్గరికి వాడు రానే లేదు కాబట్టి, పోవడమూ లేదు. నీ దగ్గరికి వచ్చి పోయాడు.

మిల్లులో ఇవాళ కూడా అడిగారు. పోశాడనే చెప్పాను. నేను బతికున్నన్నాళ్ళూ అదే చెబుతాను, నువ్వు మాత్రం నన్ను పట్టివ్వకు.

ఇక వచ్చెయ్యి. పని పాడైందంటున్నావు కదా, పాడైన పనిని పట్టుకుని వేలాడ్డమెందుకు? నా గదిలో ఇద్దరు పడుకోవచ్చు. నేను గురక పెడతాను, అదొక్కటే ఇబ్బంది.

నీ అత్త


డిసెంబరు 14

అత్తయ్యా,

మీ మీద కోపం లేదు. ఎప్పుడూ లేదు.

రాలేను. వచ్చే వేసవి మళ్ళీ ఆ పొద దగ్గర కూర్చోవాలి. వేసవి లెక్క ఒక్కటి లేకపోతే ఆయన మిగతా కాలాల్లో చేసిందంతా సగంలో ఆగిపోతుంది. వేసవిలోనే కదా ఏది బతుకుతుందో తేలేది. అదొక్కటి చూసేస్తాను.

ఇంకొకటి మీకు చెప్పకుండా ఉండలేను. చొక్కా ఉతికాను. కుట్లు విప్పి, దులిపి, రెండు నీళ్ళలో జాడించాను. ఉతక్కపోతే గింజలు పోవు. క్షమించండి. ఆరేశాక చాలాసేపు దాని ముందే నిలబడ్డాను. ఇప్పుడది మామూలు చొక్కా.

ఆయన ఇంకా అక్కడే ఉన్నారు అత్తయ్యా. నువ్వుల సంగతి తేలిపోయాక పోతారనుకున్నాను. పోలేదు.

మీ ఉడత


మార్చి 18

ఉడతపిల్లా,

చొక్కా సంగతికి జవాబు ఇవ్వను. మూడు నెలలు పట్టింది అది మింగడానికి. మింగాను. వదిలేయ్.

నిన్న జీపు తాత మిల్లు ఆఫీసుకు ఫోను చేశాడు. ముందు వాతావరణం గురించి మాట్లాడాడు, తర్వాత టైర్ల గురించి. "తాతా, అసలు సంగతి చెప్పు" అన్నాను. అప్పుడన్నాడు: "అమ్మా, మొన్న బజారులో మీ కోడలు కళ్ళు తిరిగి పడబోతే పట్టుకుని జీపులో కూర్చోబెట్టాను. చేతుల్లో మనిషి ఉన్నట్టే లేదు. పొద్దున్న తీసుకెళ్ళిన నీళ్ళ సీసా సాయంత్రం నిండుగానే తెస్తోంది. నాకు ముందటేడాది మీ అబ్బాయి వడదెబ్బకి పడిపోయిన రోజు గుర్తొస్తోంది." నువ్వు అరచేతిలో పెట్టుకున్న ఆ పిట్ట నాకు గుర్తొచ్చింది. ఫోను మేస్త్రీ చేతిలో పెట్టేసి బయటికొచ్చాను.

చెట్టంత కొడుకును ఆ పొదకు ఇచ్చాను. నిన్ను ఇవ్వను. వాడు పిలిచినా ఇవ్వను.

ఆ చోటు నా కళ్ళతో చూడనని ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టు తీసి గట్టు మీద పెట్టి వచ్చేవారం బస్సెక్కుతున్నాను. వద్దని రాయకు. నువ్వు రాసే లోపలే నేను అక్కడుంటాను.

నీ అత్త


ఏప్రిల్ 6
నీ గదిలోంచి

ఉడతపిల్లా,

ఒకే కప్పు కింద ఉండి ఉత్తరమేమిటని నవ్వుకో. నోటితో చెబితే నువ్వు "సరే అత్తయ్యా" అంటావు. ఈ పది రోజులుగా అంటూనే ఉన్నావు. నేను కలిపి ముందు పెట్టిన ముద్ద కంచంలో అటు నుంచి ఇటు జరుపుతావు, నేను గిన్నె కోసం తిరగ్గానే కంచం కడిగేస్తావు. నేను పిల్లల్ని పెంచినదాన్ని. నాకు తెలియదా?

నీ గది బాగుంది. బల్ల మీద చీమ తలలు సీసాల్లో ఉన్నాయి, పొయ్యి మీద దుమ్ము ఉంది. వాడి మంచం నేను ముట్టుకోలేదు. నేలమీద పడుకుంటే నడుం పట్టేస్తుందేమోనని నువ్వు అడిగావు. పట్టేసింది. ఫర్వాలేదు.

ఇవాళ పొద్దున్న నువ్వు బయల్దేరాక, కొంచెం దూరంలో నీ వెనకే వచ్చాను. నీకు తెలియదు. కంచె దాటాను. కొంగు దులుపుకునే దాటాను, నా వల్ల ఇంకోసారి నీ లెక్క చెడొద్దని. పొద ఇంత చిన్నదా? నా తలలో అది కొండంత ఉండేది. పక్క పొద ఎండిన కొమ్మల్లోంచి చూశాను. నువ్వు రాయి మీద కూర్చుని ఉన్నావు. ఒక పక్కకు జరిగి కూర్చున్నావు, పక్కన ఇంకొకరికి చోటున్నట్టు.

నువ్వు మాట్లాడుతున్నావు. ఏ పిట్ట వచ్చిందో, ఏది పండు తినడం మొదలుపెట్టిందో చెబుతున్నావు. మధ్యలో ఆగావు. విన్నావు. నవ్వావు. ఆ నవ్వు మీ పెళ్ళప్పటిది. నేను కొమ్మ పట్టుకుని నిలబడ్డాను, ముల్లు దిగినా తెలియలేదు. నా చెవులకు ఏమీ వినపడలేదు. గాలి కూడా లేదు. ఒక చిన్న పిట్ట ఎండుటాకులు తిరగేస్తోంది, అంతే.

నువ్వు మళ్ళీ ఆగావు. తల దించుకున్నావు. "తిన్నాను" అన్నావు.

ఆయన మాట్లాడరు, నేనే మాట్లాడతానని నాకు రాశావు. ఎవరూ అడక్కుండా మనిషి "తిన్నాను" అనదు. వాడు బడి నుంచి వచ్చినా, మిల్లుకొచ్చినా, ఊరి నుంచి ఫోను చేసినా, నన్ను మొట్టమొదట అడిగేది ఆ ఒక్క ముక్కే. "అమ్మా, తిన్నావా?" నేను విన్నది నీ జవాబు. అడిగిందెవరో నాకింకెవరూ చెప్పక్కర్లేదు.

ముందుకు రాలేదు నేను. పిలిచింది నన్ను కాదు. వెనక్కి తిరిగి వచ్చేశాను. దారిలో ఏడుపు రాలేదు. వాడు నా దగ్గరికి రాలేదన్న బాధ ఎక్కడో ఆ కంపల్లో చిక్కుకుని ఉండిపోయింది. నీ దగ్గర ఉన్నాడు. ఉండనీ. ఎంతకాలం ఉంటాడో ఉండనీ. నేను వాణ్ణి నీ దగ్గర్నుంచి తీసుకుపోవడానికి రాలేదు. నిన్ను వాడి దగ్గరికి పోకుండా ఆపడానికి వచ్చాను.

కానీ నువ్వు తినలేదు. పొద్దున్న నేను పెట్టినది కంచంలోనే ఉంది, మూత కింద అలాగే ఉంది, ఇప్పుడే చూశాను. నాతో అబద్ధాలాడు, అత్తలతో కోడళ్ళు ఆడే అబద్ధాలే అవి, నేను పట్టించుకోను. వాడితో ఆడకు. వాడు నమ్ముతాడు. చిన్నప్పట్నుంచీ వాడు నమ్మే రకం. నమ్మి, కడుపు చల్లబడి, రేపు మళ్ళీ అడుగుతాడు.

తాత జీపు సాయంత్రానికి వస్తుంది. నేను ఎక్కేదీ లేనిదీ నీ కంచం చూసి చెబుతానని ఆయనకు చెప్పాను. "అయితే అమ్మా, నేను మీకోసం రోజూ ఊరికే వచ్చిపోతుండాలా?" అన్నాడు. రమ్మన్నాను.

మళ్ళీ వండాను. పొయ్యి మీద ఉంది. పక్కన చెంబులో నీళ్ళు, అవి కూడా మొత్తం తాగు. నేను తొట్టి దగ్గర గిన్నెలు తోముకుంటూ ఉంటాను, ఇటు చూడను. కూర్చుని, చల్లారకముందే, కడుపునిండా తిను.